జానీబీ చేతులు

"గోడకా?" అన్నాడు మీరావలి. దూది ఏకే మిషను ఆపేసి, ముక్కుకి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి మళ్ళీ అడిగాడు. "గోడకి పరుపెందుకమ్మా?"

స్కూల్లో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చిన సైమా భుజానికున్న సంచి కూడా దింపలేదు. తండ్రి కనుబొమల మీదా మీసాల మీదా దూది నుసి తెల్లగా పట్టి ఉంది.

"గొంతు రికార్డు చెయ్యాలంటే గది ఖాళీగా ఉండకూడదు నాన్నా. మాట గోడకి తగిలి వెనక్కొచ్చిద్ది. మైకు ఆ రెండోదాన్ని కూడా పట్టుకుంటది. గోడకి దూది ఉంటే అక్కడే ఆగిపోద్ది."

"దూది మాటని పీల్చిద్దా?"

"పీల్చిద్ది."

మీరావలి మిషను పక్కనున్న దూది గుట్ట వంక చూశాడు. పుట్టినప్పటినుంచీ దాని మధ్యనే బతుకుతున్నా ఈ సంగతి తనకెవరూ చెప్పలేదు. "అందుకేనేమో ఈ కొట్టులో నా మాట ఎవరూ వినరు" అని నవ్వాడు.

చిలకలూరిపేటలో హైవే మీంచి లోపలికి తిరిగే సందులో ఉంది వాళ్ళ కొట్టు. ముందు పరుపులు, వెనక ఇల్లు. ఆ రెంటి మధ్యా పాత బొంతలూ దూది గోతాలూ పడేసే గది ఒకటి ఉంది. సైమాకి కావలసింది ఆ గది. హైదరాబాదులో ఫోన్లో కథలు వినిపించే కంపెనీ ఒకటి ఉందనీ, తను దుప్పటి కప్పుకుని ఫోన్లో చెప్పి పంపిన చిన్న ముక్క వాళ్ళకి నచ్చిందనీ, పూర్తి కథ ఒకటి శుభ్రంగా రికార్డు చేసి వచ్చే సోమవారంలోగా పంపమన్నారనీ చెప్పింది.

"నచ్చితే వరసగా నన్నే చెప్పమంటారంట. మిరపకాయల కల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళ కథలు నాన్నా. ఒక్కొక్కళ్ళది ఒక్కొక్క కథ. స్కూలు మానేసి ఇదే పని చేసుకోవచ్చు."

స్కూలు మానేయడం అన్న మాట మీరావలి మనసులో నిలిచిపోయింది. సైమా తెలుగు చెప్పే ప్రైవేటు స్కూలు వాళ్ళు ఎండాకాలం వస్తే టీచర్లని ఇల్లిల్లూ తిప్పుతారు, పిల్లల్ని చేర్పించమని అడగడానికి. కిందటేడు సైమా ఎండదెబ్బ తగిలి, కొట్టులో కుట్టడం పూర్తికాని పరుపు మీద సాయంత్రం దాకా పడుకుంది.

"ఎంత కొలత?" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ కలిసి గది ఖాళీ చేశారు. సైమా మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. గది ఖంగుమంది. ఆమె ఒక మూలకి పోయి కొట్టింది, ఇంకో మూలకి పోయి కొట్టింది, కిటికీ దగ్గర కొట్టింది. కొట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటోంది. చెవులతో గది చూస్తున్నట్టుంది మీరావలికి. గుమ్మంలో నిలబడ్డ జానీబీ కూడా కూతుర్ని చూస్తోంది.

"ఏం చేస్తంది అది?" అంది మొగుడితో, గొంతు తగ్గించి.

"ఊరుకో. పనిలో ఉంది" అన్నాడతను. ఆ మాట అన్న తీరుకి అతనికే ఆశ్చర్యం వేసింది. మామూలుగా ఆ ఇంట్లో ఆ మాట అతని గురించి జానీబీ చెప్పేది.

మొదటి పరుపు అతను మామూలు పద్ధతిలోనే కుట్టాడు. చారల గుడ్డ సంచిలా కుట్టి, ఏకిన దూది పరిచి, కర్రతో తట్టి సమం చేసి, దబ్బనంతో అక్కడక్కడా టాకాలు వేశాడు. ఇద్దరూ ఎత్తి గోడకి మేకులు కొట్టి తగిలించారు. తెల్లారేసరికి దూదంతా కిందికి జారింది. పైన గుడ్డ ఒట్టిగా వేలాడుతోంది, కింద పొట్ట వచ్చింది. జానీబీ చూసి, "మన ఎదురింటి దానయ్యన్నలాగా ఉంది" అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

మీరావలి దాన్ని దింపి మళ్ళీ విప్పాడు. పడుకునే పరుపుకి నేల ఆధారం ఉంటుంది. నిలబెట్టే పరుపుకి ఏ గుప్పెడు దూదికి ఆ గుప్పెడే ఆధారం కావాలి. ఆ రోజు కొట్టు పనులన్నీ పక్కన పెట్టి అరచేయంత గళ్ళు వచ్చేలా అడ్డంగా నిలువుగా టాకాలు వేసుకుంటూ పోయాడు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన సైమా కూడా ఇంకో దబ్బనం తీసుకుని ఎదురుగా కూర్చుంది. అతను పైనుంచి గుచ్చితే ఆమె కిందనుంచి లాగింది. చిన్నప్పుడు నేర్పిన పని. మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. దారం బిగించి ముడి వేసేటప్పుడు చిటికెనవేలితో గుడ్డని అదిమి పట్టుకోవడం అచ్చం తన పద్ధతే.

పరుపులు బిగించాక ఆమె మళ్ళీ చప్పట్లు కొట్టింది. ఈసారి గది ఏమీ అనలేదు. చప్పుడు ఆమె చేతుల దగ్గరే పుట్టి అక్కడే పోయింది.

"నాన్నా!" అని అరిచింది సైమా, ఆనందంతో. ఆ అరుపు కూడా మెత్తగా వినిపించింది.

గది కుదిరింది గానీ సందు కుదరలేదు. మర్నాడు స్కూలు నుంచి వచ్చినప్పటినుంచీ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకు ముందు నోరు తెరవకుండా కూర్చుని, ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందో వింటూ గడిపింది సైమా. హైవే మీద లారీల మోత దూరంగా ఉంటుంది కాబట్టి పరవాలేదు. పత్తి జిన్నింగు మిల్లుది సన్నటి ఊళ, దానికీ ఏదో ఉపాయం ఉంది, ల్యాప్‌టాప్‌లో తీసేయొచ్చు. తీసేయలేనివి రెండే. ఒకటి నాన్న మిషను, రెండోది ఎదురింటి దానయ్య పిండిమర. వచ్చేది రెండో శనివారం, స్కూలుకి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తరవాత సందు కాస్త సద్దుమణిగినప్పుడు ఈ రెండూ ఆగితే చాలు.

"నాది ఆపుతా. వాడిది ఎట్టా ఆపిచ్చేది?" అన్నాడు మీరావలి.

అయినా వెళ్ళాడు. పిండిమర ముందు ఎండు మిరపకాయల సంచులు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. లోపల దానయ్య ఎర్రటి పొడిలో మునిగి ఉన్నాడు.

"ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా?" అని మిషను మోతకి పైనుంచి అరిచాడు దానయ్య. "ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు ఇయ్యి. మధ్యాహ్నం పూట మర ఆపమంటావా? ఎవుడికోసం?"

"మా అమ్మాయికి. కథ చెప్పుకోవాలంట."

"ఎవరు, సైమానా?" దానయ్య వెంటనే గొంతు దించేశాడు. "ఆ ముక్క ముందు చెప్పొద్దూ! మా పిల్ల భవ్యకి పద్యం చదవటం నేర్పింది మీ పిల్లే గదరా. పొద్దున్నే లేచి అది గొంతెత్తి చదువుతుంటే నేను పళ్ళు తోముకోటం ఆపి వింటా. ఎంతసేపు ఆపాల?"

"గంట."

"రెండు గంటలు ఆపుతా పో. ఈ అమ్మలు ఆగుతారు. ఏమ్మా, ఆగరా?"

సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు ఏమిటో తెలియకుండానే ఆగుతామన్నారు.

శనివారం మధ్యాహ్నం సైమా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మీరావలి గుమ్మం ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ప్లాస్టిక్ బిందెలు అమ్మే బండి ఒకటి మైకులో అరుచుకుంటూ సందులోకి తిరగబోతే పరిగెత్తి వెళ్ళి ఆపి, చేతులు పట్టుకుని బతిమాలి వెనక్కి పంపాడు.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి కూతురు కనిపిస్తోంది, మాట మాత్రం వినిపించడం లేదు. టేబులంచుకి బిగించిన మైకు, దాని ముందు కుట్టుపని చేసుకునే గుండ్రటి చట్రానికి పాత చున్నీ ముక్క బిగించి కట్టిన జల్లెడ లాంటిది. ప, బ అక్షరాలకి ఊపిరి మైకుకి కొట్టకుండా అంట. ఆమె చెబుతోంది, ఆగుతోంది, తల అడ్డంగా ఊపి వేడినీళ్ళు ఒక గుక్క తాగి మళ్ళీ అదే మాట మొదలుపెడుతోంది. ఒక్క మాటని ఎన్నిసార్లు చెప్పిందో. విసుగన్నది మొహంలో లేదు. సరిగా ఏకలేదని తెలిసిన దూదిని మళ్ళీ మిషనులో వేసేటప్పుడు తన మొహం కూడా అలాగే ఉంటుందా అనుకున్నాడు మీరావలి.

తరవాత అతను ఆమె చేతులు చూశాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా, చేతిలో ఏమీ లేకపోయినా, కథ చెబుతూ చెబుతూ ఆమె వేళ్ళు కాయలు ఏరుతున్నాయి. మంచి కాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలు కాయ ఇంకో పక్కకి.

బయటికి వచ్చేసరికి చెమటకి చున్నీ వీపుకి అంటుకుపోయి ఉంది. ఫ్యాను చప్పుడు వస్తుందని వేసుకోలేదు. రాగానే హెడ్‌ఫోన్స్ తండ్రి చెవులకి పెట్టింది.

"మా అమ్మ పేరు జానీబీ" అంది సైమా గొంతు, అతని తల లోపలినుంచే అన్నట్టు. "నేను పాలు తాగే పిల్లనప్పుడు మా అమ్మ మిరపకాయల కల్లానికి పోయేది. టార్పాలిన్ పట్టా నీడలో చీరతో ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేది. పొద్దుటినుంచీ కాయలు ఏరిన చేతులు మంటలు పుడుతుండేవి. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో పసిపిల్లని ముట్టుకుంటే పిల్ల ఒళ్ళు మండిపోద్ది. నేను ఏడిస్తే మా అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేది. వచ్చి, రెండు అరచేతులూ దూరంగా పెట్టుకుని, మోచేత్తో జోకొట్టేది. ముంజేతుల మధ్య ఇరికించుకుని పాలిచ్చేది. నా కళ్ళనీళ్ళు తన చెంపతో తుడిచేది. కొంచెం పెద్దయ్యాక ఇంకో ఇంట్లో ఒకావిడ బిడ్డని అరచేత్తో నిమరడం చూసి నాకు వింతగా అనిపించింది. అప్పటిదాకా అమ్మలందరూ మోచేత్తోనే జోకొడతారనుకునేదాన్ని."

కథ ఇంకా ఉంది. మీరావలి చివరిదాకా కదలకుండా విన్నాడు. అయిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"అమ్మే. చిన్నప్పుడు, జడ వేసేటప్పుడు చెప్పేది."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడిగావా?" అంది సైమా. మామూలుగానే అంది. అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు.

కథ పంపిన సాయంత్రమే కంపెనీ నుంచి శశిభూషణ్ అనే ఆయన ఫోన్ చేశాడు. కథలు ఎంపిక చేసేది ఆయనేనట. సైమా తండ్రికి కూడా వినిపించేలా స్పీకర్ పెట్టి ఫోన్ని పరుపు మీద ఉంచింది. జానీబీ వంటింట్లో ఉంది.

"సైమా గారూ, ఏం చెప్పమంటారు? నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయండి. ఇంట్లో రికార్డు చేశానంటే మావాళ్ళెవరూ నమ్మలేదు. గది అంత నీట్‌గా ఎలా వచ్చింది?"

"మా నాన్న పరుపులు కుట్టారండి. పత్తి పరుపులు, గోడలకి."

"అద్భుతం!" ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఇలాంటి కథలు వరసగా తీసుకుందామని మా నిర్ణయం. ఒకే ఒక్క చిన్న మార్పండి. పేరు."

"కథ పేరా సార్?"

"కథది కాదు, మీది. మీ తెలుగు ఇంత చక్కగా ఉంది కదా..."

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగేనండి. మాకు వేరే భాష రాదు."

"అదేనండీ నేననేది! తెలుగే కదా. మరి పేరు కూడా తెలుగు పేరైతే కుదురుతుంది. వినేవాళ్ళు కథ వినకముందు పేరు చూస్తారు. మన పల్లెటూరి కథ అనుకుని వచ్చినవాళ్ళు, పేరు చూసి ఇదేదో వేరేవాళ్ళ కథ అనుకుని వెళ్ళిపోతారు. ఇది నా అభిప్రాయం కాదు, మా పైవాళ్ళు చెప్పే మాట. సాహితి అని పెడదామా? బాగుంటుంది. అలాగే కథలో అమ్మగారి పేరు కూడా. జానీబీ బదులు జానకి అంటే పెద్ద తేడా ఏం రాదు, పలకడానికి కూడా దగ్గరగా ఉంటుంది. మిగతాదంతా ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. సోమవారానికి పంపగలరా?"

సైమా "ఆలోచించి చెప్తానండి" అని ఫోన్ పెట్టేసింది.

మీరావలికి ఇందులో ఆలోచించాల్సింది ఏముందో అర్థం కాలేదు. అలాంటి మాటలు అతను నిత్యం వినేవే. పరుపు బేరమాడటానికి వచ్చిన కొత్తవాళ్ళు అతని పేరు తెలియగానే, "అరె, తెలుగు బాగా మాట్లాడతారే" అంటారు. "ఏదో మీ దయండీ" అని అతను నవ్వుతాడు, వాళ్ళూ నవ్వుతారు, బేరం కుదురుతుంది.

"ఒప్పుకోమ్మా" అన్నాడు. "మన కొట్టు బోర్డు మీద నా పేరుందా? పేట పరుపుల కొట్టు అనుంది, అంతే. పరుపు బాగుంటే కొంటారు. కుట్టినోడి పేరు ఎవరికి కావాల?"

"పరుపు నోరు తెరిచి మాట్లాడదుగా నాన్నా. కథ మాట్లాడిద్ది."

"మాట్లాడేది నీ గొంతేగా. ఆ ఎండల్లో ఇళ్ళెమ్మట తిరిగే బాధ తప్పిద్ది. నేను చెప్పేది విను."

సైమా తండ్రి మొహంలోకి చూసింది. ఆ మొహంలో కిందటేటి ఎండాకాలం కనిపించిందో ఏమో, ఇంకేమీ వాదించలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ దానయ్య మర ఆగింది, మళ్ళీ మీరావలి గుమ్మంలో కూర్చున్నాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. కొత్త పేరు నాలుగైదు రకాలుగా పలికి, కథలో పాత పేరున్న చోటల్లా కత్తిరించి కొత్తది అతికించింది సైమా. తెర మీద ఆమె గొంతు తాలూకు ఆకుపచ్చ గీతలు ముళ్ళకంపలా పైకీ కిందికీ లేస్తున్నాయి. ఆమె వాటిలో సరిగ్గా కావలసిన ముల్లు దగ్గర ఆగి, తుంచి, ఇంకోటి పెట్టి, వినిపించింది. మీరావలి చెవులు నిక్కించి విన్నాడు. అతుకు ఎక్కడుందో తెలియలేదు. ఆ పనితనానికి అతని మనసు ఉప్పొంగింది.

"ఏం చేశావే తల్లీ!" అన్నాడు.

సైమా మాత్రం కళ్ళు తెర మీదనుంచి తియ్యలేదు. "పంపేదా?"

"ఉండు. మీ అమ్మ ఇంకా విననే లేదు" అని ల్యాప్‌టాప్ చేతుల్లోకి తీసుకున్నాడు మీరావలి.

జానీబీ పెరట్లో గోడ నీడన కూర్చుని ఉంది. వ్యాపారి ఇచ్చిన ఎండు మిరపకాయల బస్తా పక్కన వేసుకుని తొడిమలు తీస్తోంది. చేతులకి కొబ్బరినూనె రాసుకుంది, వేళ్ళ చివర్లు అయినా కందిపోయి ఉన్నాయి. మీరావలి ఆమె కొంగు సర్ది చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించాడు.

"నీ కథేనే. నీ కూతురు చెప్పింది. విను."

జానీబీ తొడిమలు తీస్తూనే వినడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె వేళ్ళు నెమ్మదించాయి. ఆగిపోయాయి. ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి కాబోలు పెదవులు విచ్చుకున్నాయి. అంతలోనే, అమ్మ పేరు మళ్ళీ వచ్చిందేమో, నొసలు ముడిపడింది. ఆ తరవాత ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. అయిపోయాక తల పక్కకి వంచి, హెడ్‌ఫోన్స్‌ని మోకాలితో నెట్టుకుని, చేత్తో ముట్టుకోకుండా ఒళ్ళోకి జార్చుకుంది.

"బాగుంది" అంది. "జానకి ఎవరు?"

"నువ్వేనే. పేరొక్కటి మార్చమన్నారు. జనం వినరంట."

"పేరు వింటానికా వచ్చేది జనం, కథ వింటానికా?"

"అది కాదే, మన పేరు చూస్తే వేరేవాళ్ళ కథ అనుకుంటారంట."

జానీబీ ఒక మిరపకాయ తీసుకుంది. తొడిమ తియ్యకుండా అలాగే పట్టుకుంది.

"మండింది నా చేతులయ్యా" అంది. గొంతు పెంచలేదు. "పిల్ల గుక్కపెట్టి ఏడుస్తంటే రెండు చేతులూ ఉండి ఎత్తుకోలేకపోయింది నేను. ఆ జానకి ఎక్కడుంది అప్పుడు?"

మీరావలి ఏదో చెప్పబోయాడు.

"అమ్మాయి పేరు కూడా మార్చారా?"

"సాహితి అని..."

"అయితే దాన్ని కన్నది కూడా జానకేనా?"

ఆ మాట అని ఆమె తొడిమ తుంచి కాయని బుట్టలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది. మీరావలి ఆ చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. నూనె మెరుస్తున్న ఆ వేళ్ళు ఇన్నేళ్ళుగా తన కంచంలో అన్నం పెడుతున్నాయి, ఎన్నో పరుపుల చివర్లు కుట్టాయి. వాటిని చూడటం ఇదే మొదటిసారి అనిపించింది. ఇంత బతుకు బతికి, జనం అనుకునే మాటలకి నవ్వి ఊరుకోవడం తను నేర్చుకున్నాడు. ఈమె నేర్చుకోలేదు. ఆ సంగతి తనకి ఇవాళ్టిదాకా తెలియదు. భార్య ఉన్నట్టుండి చాలా ఎత్తు మనిషిలా కనిపించింది.

వెనక్కి తిరిగేసరికి పెరటి గుమ్మంలో సైమా ఉంది. అంతా వింది. కింది పెదవి పళ్ళ మధ్య బిగించి పట్టుకుంది.

"మొదట చేసిందే ఉంచమ్మా" అన్నాడు మీరావలి. "అతుకేసింది తీసెయ్."

"అట్టయితే ఆ కంపెనీ పని దొరకదు నాన్నా. స్కూలు తప్పదు."

"తెలుసు."

సైమా అక్కడే నిలబడి శశిభూషణ్‌కి ఫోన్ చేసింది. "పేర్లు మార్చనండి. అలాగే తీసుకుంటే తీసుకోండి" అంది. "మీరన్నది న్యాయమేనండీ, నాకు తెలుసు. కానీ నా చేతుల్లో లేదు. ఇంకొక్కసారి ఆలోచించుకుంటారా?" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "ఆలోచించుకున్నానండి" అంది సైమా. ఫోన్ పెట్టేశాక తల్లి దగ్గర చతికిలబడి బస్తాలోంచి గుప్పెడు కాయలు ముందుకి లాక్కుంది. "చేతులు మండుతయ్యి, నువ్వు ముట్టుకోబాకు" అంది జానీబీ. సైమా వినలేదు.

ఆ సాయంత్రమే తన పేరుతో ఒక చానల్ తెరిచి కథని అందులో పెట్టింది. 'జానీబీ చేతులు. చెప్పింది సైమా, చిలకలూరిపేట' అంతే రాసింది. సోమవారం మామూలుగా స్కూలుకి వెళ్ళింది. కథ విన్నవాళ్ళు తోటి టీచర్లు, భవ్య, ఇంకెవరో కొద్దిమంది. మీరావలి మిషను మధ్యలో ఆపి ఆపి ఫోన్ చూసుకునేవాడు. అంకె పెద్దగా కదిలేది కాదు.

కదిలించింది దానయ్య. రెండు రోజులు మర ఆపి సాయం చేసినవాడు ఆ కథేమిటో వినాలి కదా. విన్నాడు. విని, కారం పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకి మర ఆపి మరీ వినిపించాడు. "ఇదిగో ఈ ఎదురింటి జానీబీయేనమ్మా! మా సైమానే చెప్పింది!" అని సందంతా వినిపించేలా చాటాడు. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ఆ ఆడవాళ్ళు కారం పట్టించుకుని, దాంతో పాటు కథని కూడా ఫోన్లలో వేయించుకుని పోయారు.

ఆ వారంలోనే మీరావలి ట్రాలీ ఆటోలో రెండు పరుపులు వేసుకుని పర్చూరు వైపు ఒక ఊరికి వెళ్ళాడు. రైతు ఇల్లు అడగడానికి ఊరి చివర కల్లం దగ్గర బండి ఆపాడు. నేలంతా ఎర్రగా పరిచి ఉంది. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు బారుగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. గాలికి ఘాటు లేచి అతనికి దగ్గు వచ్చింది. దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయాడు. మధ్యలో ఒక స్టీలు గిన్నె, అందులో నిలబెట్టిన ఫోను. గిన్నెలోంచి అతని కూతురు మాట్లాడుతోంది.

"... నా కళ్ళనీళ్ళు తన చెంపతో తుడిచేది."

"నేనైతే ముక్కుతో తుడిచేదాన్ని" అంది ఒకామె. పక్కన ఇద్దరు నవ్వారు. ఇంకొకామె నవ్వలేదు, మొహానికి కట్టిన గుడ్డ పైకి లాక్కుని కళ్ళు ఒత్తుకోబోయి, చేతులు గుర్తొచ్చి భుజానికి రుద్దుకుంది.

"ఏం కావాలయ్యా?" అని ఆమే అడిగింది, అతన్ని చూసి.

రైతు పేరు అడగడానికి నోరు తెరిచిన మీరావలి, "ఆ చెప్పేది మా అమ్మాయి" అన్నాడు.

ఏరే చేతులన్నీ ఆగాయి. "నిజంగా? అయితే జానీబీ నీ పెళ్ళామా?" అన్నారు ఎవరో.

"అవును. జానీబీ మా ఆవిడ" అన్నాడు. ఆ మాట అంత గట్టిగా అతను ఎప్పుడూ అనలేదు.

కళ్ళు తుడుచుకున్నామె లేచి నిలబడింది. పొడుగాటి మనిషి. "మీ అమ్మాయిని మా కల్లానికి రమ్మను. నా దగ్గర ఇంతకంటే పెద్దది ఉంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలా, నేను చెప్పలా" అంది. "అయితే ఒకటి. కథల్లో మా లాంటోళ్ళకి పేర్లుండవు. ఒక ఆడమనిషి అంటారు, కూలిమనిషి అంటారు. నీ కూతురు పేరు పెట్టి చెప్పిద్దా?"

"చెప్పిద్ది."

"మార్చదుగా?"

"మార్చదు."

"ఇంటిపేరుతో సహా చెప్పాల. ఈ ఊళ్ళో అంకమ్మలు నలుగురున్నారు. నా కథ ఇంకో అంకమ్మకి పోతే నేనూరుకోను."

కల్లమంతా గొల్లుమంది. మీరావలి ఆమె ఇంటిపేరు అడిగి, మరిచిపోకుండా రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే, కూతుర్ని అడగకుండానే, "రేపు" అని చెప్పేశాడు మీరావలి. పరుపుల సంగతి గుర్తొచ్చి రైతు ఇల్లు అడుగుతుంటే నలుగురైదుగురు ఒకేసారి దారి చెప్పారు.

ఇంటికి వచ్చేసరికి సైమా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మీరావలి చెప్పులు విడవకుండానే గుమ్మంలోంచి మొదలుపెట్టాడు. గిన్నెలో ఫోను, ముక్కుతో తుడిచానన్న మనిషి, లేచి నిలబడ్డ మనిషి, అన్నీ కలగాపులగంగా చెప్పుకుపోయాడు. సైమా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉండిపోయింది. జానీబీ కూడా పెరట్లోంచి వచ్చి నిలబడింది.

"కల్లంలో గాలి మోత ఉంటది నాన్నా. ట్రాక్టర్లుంటాయి. అక్కడ పరుపులు కట్టలేం."

"కట్టొద్దు. ఆ మోత కూడా రానీ."

"రేపు స్కూలుంది."

"స్కూలు వదిలేసరికి ట్రాలీ గేటు దగ్గర పెడతా. నువ్వు మైకు మర్చిపోకుండా తీసుకురా."

సైమా పేపర్లు పక్కకి జరిపింది. ఫోను తీసి, చానల్ తెరిచి, రెండో కథ అని టైపు చేసి ఆగింది.

"ఆమె పేరేమన్నావు?"

"బత్తుల అంకమ్మ" అన్నాడు మీరావలి. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, కూతురు మైకు ముందు చెప్పినట్టే చెప్పాడు. "సరిగ్గా రాయమ్మా. బత్తుల అంకమ్మ."